ఉప్పుగాలికి ఇనుమంటే బెల్లం

పద్దు పుస్తకం తీశాను,
తెలిసిన రోగం పేరే
మళ్ళీ డాక్టరు నోట వినడానికి వెళ్ళినట్టు.

మార్చి: కార్బ్యురేటర్ రబ్బర్లు, ఇటలీ నుంచి.
రబ్బరు కంటే రవాణాకే ఎక్కువ.
మే: క్లచ్ కేబులు.
మళ్ళీ మే: క్లచ్ కేబులు.
ఆగస్టు: ఏమీ లేదు. ఆ నెలంతా తిరిగాం.
అక్టోబరు: జనరేటరు. ఆ అంకె మీద టీ కప్పు పెట్టేశాను,
గుండ్రటి మరకలోంచి ఇప్పటికీ చూస్తోంది.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు.

మాన్సీ బతికున్నన్నాళ్ళు ఎలాగో గడిచింది.
ట్యాంకుకు చెవి ఆనించి
"ఎడమ సిలిండరు అలిగింది, ఓస్లా" అనేవాడు.
కూలి ఎంతంటే రెండు పీతలు చాలనేవాడు.
పీతల ఫ్యాక్టరీలో నా పని.
అతనికి ఎన్ని పట్టుకెళ్ళానో ఆ లెక్క మాత్రం పద్దులో లేదు.
అతను పోయాక
బండిని ఓడెక్కించి ఇన్వర్నెస్ పంపాలి.
అక్కడ ఒక కుర్రాడు తల గోక్కున్నందుకు
గంటకి డెబ్భై పౌండ్లు.

ఈ ఆర్క్నీ దీవుల్లో చెట్లు లేవు,
గాలికి అడ్డం నిలబడేవి రాళ్ళూ, మేమూ.
ఉప్పుగాలికి ఇనుమంటే బెల్లం.
రాత్రిళ్ళు షెడ్డులో దూరి నాకేది.
తుడిచేదాన్ని.
మళ్ళీ నాకేది.

పదిహేడేళ్ళు.
జూన్‌లో పొద్దు గుంకడం మరిచిపోయే రాత్రులు,
పదకొండింటికీ పేపరు చదువుకునేంత వెలుతురు,
యెస్నబీ కొండ అంచు దాకా నేనూ, నా నారింజ రంగు లావెర్దా.
దాని వణుకు అరచేతుల్లోంచి మోచేతుల్లోకి ఎక్కేది,
రోజంతా పెంకులు పగలగొట్టిన వేళ్ళు
అప్పుడు మళ్ళీ నావయ్యేవి.

ఈ చలికాలం ఇంటి కప్పు కారింది.
మంచం పక్కన బకెట్టు,
బకెట్టు పక్కన ఇంకో బకెట్టు.
రెండు పొయ్యిలు, ఒకటే కట్టెల మోపు.

లాక్లన్ థర్సో నుంచి మధ్యాహ్నం ఓడలో వచ్చాడు.
కొత్త తోలు తొడుగులు,
ధర చీటీ దారం ఇంకా వేలాడుతోంది.
బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు, ముట్టుకోలేదు.
అందుకే వందా యాభై తగ్గించాను.

అన్నీ చెప్పాను.
చలిలో చోక్ సగమే లాగు.
న్యూట్రల్ దీపాన్ని నమ్మకు, అబద్ధాల పుట్ట.
గొర్రెలు అడ్డొస్తే హారను కొట్టకు, హారను లేదు.
అతను నవ్వాడు.
ఒకటి మాత్రం దాచుకున్నాను:
మూడో గేరులో, యాభై దాటగానే
ఎక్కడో సన్నగా ఈల వేస్తుంది.
ఎక్కడో మాన్సీకీ దొరకలేదు.
ఆ ఈల ఇతనికి దానంతటదే దొరకనీ.

"ఒక్క పట్టున లేవదు, బతిమాలాలి" అన్నాను.
బొటనవేలు ఆనించాడు.
పలికింది.
తొలి పిలుపుకే,
పదిహేడేళ్ళు నన్ను కాళ్ళావేళ్ళా పడనిచ్చిన గొంతు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.
"ద్రోహీ" అన్నాను,
ఆ చప్పుడులో ఎవరికీ వినబడలేదు.
కోపమే మేలు చేసింది,
కాగితం మీద సంతకం వంకర పోలేదు.

గురువారం కప్పు బాగుచేసేవాడు నిచ్చెన వేశాడు.
పైన సుత్తి దెబ్బలు,
రెండు దెబ్బలు, చిన్న తడబాటు,
మళ్ళీ రెండు.
ఎడమ సిలిండరు అలిగినప్పుడూ అచ్చం ఇంతే.
షెడ్డులో కంచమంత నూనె మరక మీద
పక్కింటి పిల్లి పడుకుని ఉంది, అదిలించలేదు.

లోపలికొచ్చి పుస్తకంలో పేజీ తిప్పాను.
మేకులు: పదకొండు పౌండ్లు.