టంకం మచ్చ

ముఖం ముట్టకు, అంచు పట్టుకో.
విస్వాల్డిస్ నేర్పిన మొదటి మాట అది.
రెండోది: తోమకు.
మూడోది చెప్పేలోగా టీ పొంగింది.

రీగాలో, నది ఇవతలి ఒడ్డున,
ఆగెన్‌స్కాల్న్స్ బజారు మెట్ల కింద అతని బల్ల.
పక్కనే పొగబెట్టిన చేపల దుకాణం,
అందుకే అతని నాణేలన్నిటికీ సముద్రం వాసన.
ముప్పై ఏళ్లు ట్రాము తోలిన చేతులు
భూతద్దాన్ని ఇప్పుడు
పిచ్చుక పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటాయి.

నేను తెచ్చింది ఒక్కటే.
ఐదు లాట్ల వెండి, ముప్పై ఒకటో సంవత్సరానిది.
బొమ్మ వైపు జడల పిల్ల,
ఇక్కడ అందరూ మిల్డా అని పిలుచుకునే పిల్ల,
భుజం మీద ధాన్యం కంకులు.
అంచు చుట్టూ దేవుడికో వేడికోలు చెక్కి ఉంది;
సరిగ్గా పట్టుకుంటే ప్రార్థన వేళ్లకు తగులుతుంది.

ఔస్మా అమ్మమ్మ గుండీల డబ్బాలో దొరికింది.
దొరికిన రోజే పళ్లపొడితో తోమడం మొదలుపెట్టాను.
సగంలో ఫోను మోగింది.
"ఆ ఫోను చేసిన మనిషికి
ఒక కేకు కొనిపెట్టు" అన్నాడు విస్వాల్డిస్,
తళతళలాడే ఎడమ జడ వైపు చూడకుండా.

అందంగా ఉంది కదా, అన్నాను.
అందం గ్రేడు కాదు, అన్నాడు.
ఎత్తున్న చోటే ముందు అరుగుతుంది:
చెంప చూడు, చెవి మీది వెంట్రుకలు చూడు,
కంకిలో గింజలు లెక్కపెట్టు.
నలభై చిల్లర నాణేలు పళ్లెంలో పోసి
మంచిదాని నుంచి చెడ్డదాకా పేర్చమన్నాడు.
పేర్చాను. ఒక్క వేలితో, మాట్లాడకుండా
అన్నీ మార్చేశాడు.
నావి పద్నాలుగు మిగిలాయి.
మరుసటి ఆదివారం ఇరవై రెండు.
ఆ పై ఆదివారం మళ్లీ పంతొమ్మిది.

డిసెంబర్లో మాకు వెలుగు రేషను మీద దొరుకుతుంది.
రేగుపండ్ల జాము సీసాల మీద ఫోను నిలబెట్టి,
కింద తెల్ల కాగితం పరిచి,
ఫోటో తీస్తే నా ముక్కు వచ్చింది.
ఇంకోటి తీస్తే కర్టెను వచ్చింది.
వెండి అంతే, ఎదురుగా ఎవరుంటే వాళ్లదే.
దీపం ఎడమ పక్కన ఎత్తుగా పెడితే
నిన్న టంకశాల నుంచి వచ్చినట్టుంది మిల్డా.
కిందికి దించి పక్కవాటుగా వేస్తే
ప్రతి గీతా లేచి నిలబడింది.
ఏది నిజం, అని అడిగాను.
"రెండూ. కొనేవాడికి రెండోది చూపించు."

ఆ రెండో ఫోటోనే అతను చాలాసేపు చూశాడు.
ఇది చేతులు మారిన అరుగుదల కాదమ్మా,
చేతులు మారితే అంచులు నలుగుతాయి.
ఇది ఏదో బట్టకు రాసుకున్న అరుగుదల.

బొరుసు వైపు తిప్పాడు.
సింహం తల పైన, కందిగింజంత
బూడిద రంగు మచ్చ. నేను మురికనుకున్నది.
"టంకం. పిన్ను అతికించారు. ఎవరో మళ్లీ పీకారు."
టంకశాలలో పుట్టిన దాని విలువను
టంకమే తినేసింది.
ధరల పుస్తకం మూశాడు.
అడిగిన ధరలు రాసుకోకు, అన్నాడు,
అమ్ముడైనవే రాసుకో.
రాసుకున్నాను. తూకం వెండి కన్నా
రెండు రొట్టెల ధర ఎక్కువ.

ఆ రాత్రి జిద్రా పెద్దమ్మకు ఫోను చేశాను.
రేడియో ఫ్యాక్టరీలో తాతయ్య దొంగతనంగా అతికించాడట.
మిల్డాను పైకి కనిపించేలా పెట్టుకోగూడని ఏళ్లవి.
అమ్మమ్మ కోటు లోపల, లైనింగుకు గుచ్చుకునేదట,
పనికీ, క్యూలకూ, ఆసుపత్రికీ.
మరి పీకిందెవరు?
పెద్దమ్మ కాసేపు ఆగి,
మీ ఊళ్లో మంచు పడిందా, అంది.

కార్డు రాశాను.
బట్ట అరుగుదల. వెనక టంకం మచ్చ.
సగం తోమినది.
ఫోటోల్లో బొరుసునే ముందు పెట్టాను.
విస్వాల్డిస్ కళ్లద్దాలు పైకి నెట్టి చదివి,
పెన్సిల్‌తో ఒక్క మాట కొట్టేశాడు:
సగం.