గోకుడు రాయి

వెలిగండ్ల రోడ్డు దిగి కంది చేలకు అడ్డంపడి నడిస్తే
సగం దాకా మట్టిలో ఉంటాడు.
ఊళ్లో ఎవరూ వీరుడనరు,
గోకుడు రాయంటారు.
మధ్యాన్నం గొడ్లు తొట్టి కాడ నీళ్లు తాగొచ్చి
ఒకదాని తరవాత ఒకటి ఒళ్లు రుద్దుకుంటాయి,
రేషన్ షాపు ముందు మనుషుల్లాగా.
కాదు, మనుషుల కంటే నెమ్మదిగా.

ఆ రాపిడికే మీసం పోయింది.
ముక్కు మా తాతల నాడే లేదంట.
కత్తి ఎత్తిన చెయ్యి మటుకు
ఆముదం రాసినట్టు నల్లగా మెరుస్తా ఉంటది.

నేను సర్వేలో గొలుసు లాగే మనిషిని.
ఇప్పుడు గొలుసు లేదు,
మూడు కాళ్ల యంత్రం ఆకాశాన్నడిగి లెక్క చెప్తది.
అయినా గొలుసాయనే అంటారు.

ఆ రాయి మా గట్టుదంటే మా గట్టుదని
మాలకొండారెడ్డీ, ఆయన బావమరిదీ
పదకొండేళ్లుగా కనిగిరి కోర్టుకు తిరుగుతన్నారు.
వాళ్లక్కావాల్సింది రాయి కాదు,
రాయవతల మూడు సెంట్లు.

మొదలు దాకా తవ్వి చూడమన్నాడు సర్వేయరు.
పైకి కనపడేది స్వర్గం:
ఇద్దరాడోళ్లు చంకల్లో చేతులేసి
అతన్ని ఎత్తుకుపోతా ఉంటారు,
నెత్తిన సూర్యుడూ చంద్రుడూ ఒకేసారి.
యుద్ధమంతా కిందికి కుంగిపోయింది.

మూరెడు తవ్వాను.
ముందు ఒక కొమ్ము తగిలింది.
గడ్డపార పక్కన పెట్టి
చేత్తో తుడిచాను.
మూపురం.
మూడు ఆవులు, ఒక దూడ,
నిన్న చెక్కినట్టు,
కళ్లు కూడా చెడకుండా.
కాపాడినోడు అరిగిపోయాడు.

ఎనిమిదో నాడు ఒంగోలు నించి ఒక కుర్రోడొచ్చి
తడి కాగితం అద్ది, కుంచెతో కొట్టి, మసి పూసి
కింది రెండు వరసలూ కూడబలుక్కున్నాడు.
పేరున్న చోట పెచ్చు లేచిపోయిందన్నాడు.
"ఆవుల" అన్న మాట దొరికింది,
"పడియె" అన్న మాట దొరికింది.
ఆ రెంటి మధ్య ఎవరో ఒకడు.

కాగితం చుట్టుకొని వాడు బస్సెక్కాక
కాశమ్మ వచ్చి గుంటలోకి తొంగి చూసింది.
"పూడ్చండయ్యా తొందరగా,
దూడలు పడతాయి."

పూడ్చాను.
ఆవులు మళ్లీ లోపలికి పొయ్యాయి.

హద్దు నంబరు ఎర్ర రంగుతో వెయ్యాలని ఆర్డరు.
మొహాన వెయ్యబుద్ధి కాలా,
వీపున వేశాను.
మూడు సెంట్లు ఎవరి పక్కన పడ్డాయో
అడక్కండి, అది కాయితాల్లో ఉంది.

రంగు ఆరకముందే తెల్లావొకటి వచ్చి
ఆనుకొని నిలబడింది.
అదిలించబోయి ఊరుకున్నా.
పొద్దుగూకే వేళ అది ఊళ్లోకి పోతా ఉంది,
పక్కటెముకల మీద
సగం నంబరుతో.