ఒక్క గుక్కలో సున్న

పామూరు రోడ్డులో
ఎరువుల కొట్టు తలుపు మీద
ఇంకా ఉంది నీ రాత.
'విత్తనములు'లో ముందర రెండక్షరాలు పెచ్చులూడి
'నములు' మాత్రం మిగిలింది.
కింద మూలన, చీమ తలకాయంత,
నీ సంతకం: కొండ.

కొండ అంటే ఎవరో మొగోడనుకునేవాళ్ళు.
బేరానికొచ్చి, నిన్ను చూసి
"మీ ఆయన లేడామ్మా?" అనేవాళ్ళు.
"ఉన్నాడు, అన్నం వండతన్నాడు" అని
నిచ్చెన భుజానికెత్తుకునేదానివి.
నాయన నిజంగానే వండేవాడు.
అయినా మన కూట్లో ఎప్పుడూ టర్పెంటైన్ వాసన.
ఉలవపాడు మామిడికాయల బండికి రాసిన ఏడాది
కూలి కింద ఒక బుట్ట కాయలిచ్చారు.
ఆ కాయల్లో కూడా.

నాకు అక్షరాలు బళ్ళో రాలేదు,
నిచ్చెన కింద డబ్బా పట్టుకోని నిలబడితే వచ్చాయి.
"తలకట్టు లేకపోతే అక్షరానికి ఎండదెబ్బ తగలద్ది మే.
'ళ'కి కాస్త పొట్ట ఉండనీ, ఎందుకు మాడ్చడం.
సున్న మాత్రం ఒక్క గుక్కలో చుట్టాల.
మధ్యలో ఊపిరి తీసుకున్నావా,
అది సున్న కాదు, పుచ్చు శనక్కాయ."
ఏ గుడికీ పోనిదానివి,
గుడి దీర్ఘం కాడ మాత్రం
ఎంత నిదానమో.

సాయంత్రం బ్రష్షులు కిరసనాయిల్లో నానేసి
పెద్దాసుపత్రికి పొయ్యేదానివి.
జీతం లేదు, మెళ్ళో బిళ్ళ లేదు,
కూర్చోడానికి స్టూలు కూడా లేదు.
మందుల కిటికీ పక్కన గోడకానుకోని
చదువురాని ముసలోళ్ళ మాత్రల కవర్ల మీద
పొద్దుటికి సూర్యుడు,
మధ్యాన్నానికి గొడుగు,
రాత్రికి చందమామ.
తిన్నాక వేసుకునేదైతే పక్కనే చిన్న గిన్నె.
"కొండమ్మ గీసిందేనా?" అని అడక్కుండా
మాత్ర మింగనోళ్ళు ఉండేవాళ్ళు.

ఒక రాత్రి నాకు నూట మూడు జొరం.
నువ్వు రాలేదు.
ఓగూరవ్వకి కంటి ఆపరేషనని
ఆమె మంచం కాడ కూర్చున్నావు.
తెల్లారుజామున నీ చెయ్యి నా నుదుటి మీద పడితే
గోడ వైపు తిరిగి పడుకున్నా.
లేచి చూస్తే
నా మాత్రల కవరు మీద చందమామ
చెవులు పట్టుకోని గుంజీలు తీస్తా ఉంది.
నవ్వాగలేదు.
కోపం మాత్రం ఇప్పటికీ కాస్త ఉంది,
నీతో అబద్ధమెందుకు.

ఫ్లెక్సీలొచ్చాయి. నిచ్చెన గోడకి చేరింది.
నువ్వేమీ అనలేదు,
ఆసుపత్రి నుంచి ఒక గంట ఆలస్యంగా రావడం
మొదలుపెట్టావు, అంతే.

నీ దినానికి మామ కొట్టించుకొచ్చిన ఫ్లెక్సీలో
నీ ఫోటో బాగానే ఉంది.
పేరే, 'మాలకొడమ్మ'.
సున్న లేదు.
కందుకూరు సున్నలన్నీ చుట్టినదానివి!
జనం భోజనాలకి కూర్చుంటా ఉంటే
నీ నిచ్చెన తీసుకోని ఎక్కా.
కింద నాయన పట్టుకున్నాడు,
చేతికంటిన సాంబారు కూడా కడుక్కోకుండా.
మధ్యలో ఊపిరి తీసుకున్నా.
పుచ్చు శనక్కాయే వచ్చింది.

నిన్న ఓగూరవ్వ ఇంటికొచ్చింది.
కొంగు ముడి విప్పి పాత కవరు తీసింది,
మడతల్లో అరిగిపోయి
నీ చందమామ సగమే ఉంది.
ఇంకో చేతిలో కొత్త మాత్రలు.
"ఏది ఎప్పుడేసుకోవాల్నో తెలవడంలా బిడ్డా.
మీయమ్మ గీసినట్టు గియ్యి."

నీ డబ్బాలో అన్నిటికన్నా సన్న బ్రష్షు వెతికా.
ఊపిరి బిగబట్టా.
అయినా ఒక పక్క కాస్త నొక్కుకుపోయింది.

అవ్వ కవరు కంటికానించుకోని
చాలాసేపు చూసింది.
"ఇది త్రయోదశి నాటిది గదా" అంది.
తర్వాత కొంగున ముడేసుకుంటా
"పోన్లే,
ఇంకో రెండ్రోజులకి నిండిద్ది."