నడుం దాకా పులి

పొద్దుగాల తొమ్మిదింటికి సేటు ఫోన్ జేసిండు,
పసుపు నూలు ఇంకా అద్దకంలనే ఉందట,
రేపు గాని రాదట.
మగ్గం మీది పులి
నడుం దాకా వచ్చి ఆగిపోయింది.

మా ఆయన గుంటల నుంచి కాళ్లు బయటికి తీసి
ఏం జెయ్యాల్నో తెల్వని చేతులను
మోకాళ్ల మీద పెట్టుకున్నడు.
పని లేని పొద్దు మా కొత్తవాడల
చెప్పకుండ వచ్చిన చుట్టం లెక్క,
ఏడ కూసోబెట్టాల్నో సమజ్ గాదు.

గప్పుడే మా మరిది సదయ్య ఆటో వాకిట్ల ఆగింది.
చాయ్ తాగిపోదామని వచ్చినోడు
"పాండ్రి, జూకు పోదాం" అన్నడు,
దుకాణం కాడికి పోయి ఉప్పు తెద్దాం అన్నంత అలకగ.

"ఏముంటయి ఆడ, కోతులేనా?
మన ఇంటి పెంకలు పీకేటియి సాలయా" అనుకుంటనే
అత్తమ్మ పెట్టెల చీర తీసి కట్టి
అందరికంటె ముందు ఆటో ఎక్కింది.

పొయ్యి మీది సర్వపిండి గంజుతోని సహా సంచిలకెళ్లింది.
ఓంకార్‌కు ఒక కాలికే చెప్పు.
పోచమ్మమైదాన్ దాటినంక యాదికొచ్చింది,
తాళం ఏసిన్నా, ఏయలేదా?
ఎవ్వరు ఎనుకకు మర్లనియ్యలే.
"దొంగకు మనింట్ల ఏం దొరుకుతది,
సగం పులి తప్ప" అన్నడు మా ఆయన.
అని నవ్విండు.
ఆ నవ్వు చూసి ఎన్ని దినాలైందో
హంటర్ రోడ్డు దాకా ఎంచుకుంట పోయిన.

టికెట్ల కాడ లహరి వయసు రెండేండ్లు తగ్గించి చెప్తె
"నాకు పదకొండు" అని గట్టిగ అరిచి
ఇజ్జత్ తీసింది.

ఈము కోడి అత్తమ్మను చూసింది.
అత్తమ్మ ఈము కోడిని చూసింది.
ఇద్దరి మెడలు ఒక్కతీరుగనే ముందటికి సాగినయి.
"వారీ, గింత పెద్ద కోడికి గంత సిన్న తలకాయా!"
రెక్కలుండి కూడ ఎగరదని ఎవలో చెప్పంగనే
పాపమనిపించి సర్వపిండి ముక్క తీసింది.
కావలి మనిషి ఉరికొచ్చి బోర్డు చూపించిండు.
చదువురాని అత్తమ్మ బోర్డు చూసి, మనిషిని చూసి,
ఆ ముక్క అతనికే ఇచ్చింది.
తిన్నడు.

జింకల కాడ మా ఆయన నిలవడ్డడు.
మేం మొసలి దాకా పోయి మర్లొచ్చినం, ఇంకా గక్కడనే.
ఇరవై ఆరేండ్ల సంది గళ్ల కాగితం చూసి
జంపఖానల మీద జింకలు నేసిన మనిషి.
ఏ జింకకైనా తొమ్మిదే సుక్కలు,
గళ్లకు అందేది గంతే.
ఇయ్యాల కంచెకు వేలు ఆనిచ్చి
పెదిమలల్ల ఎంచుతున్నడు.
జింక కదిలితె లెక్క తప్పుతది,
మళ్ల మొదటికెల్లి.
"మెడ గిట్ల వంగుతదా" అన్నడు, నాతోని కాదు.
"ఇన్నేండ్లు కట్టె లెక్క నేసిన.
కొన్నోళ్లు ఒక్కలన్న అడగలే."

పులి నిద్రపోతున్నది.
బండ ఎనుక తోక, రెండు కాళ్లు, నడుం. గంతే.
అర్ధగంట చూసినం.
సదయ్య ఈల ఏసిండు.
ఎవలదో పోరడు గర్జించి చూపించిండు, ఇట్ల చెయ్యాలె అన్నట్టు.
పులి తోకతోని ఒక్క ఈగను కొట్టింది,
మళ్ల పండుకున్నది.

ఓంకార్ ఏడ్పు అందుకున్నడు.
లహరి కొంగుతోని కాదు, నా కొంగుతోని
వాని ముక్కు తుడిచి అన్నది:
"పిచ్చోడా, ముందటి సగం మనింట్ల ఉన్నది గదా.
ఎనుకటి సగం ఈడ చూసినవ్.
ఇగ పులి మొత్తం చూసినట్టే."
వాడు ఏడ్పు ఆపి లోపల కలిపి చూసుకున్నడు.
సరిపోయింది.

తాళం నిజంగనే ఏయలే.
మగ్గం మీద పులి ముందటి కాళ్లు సాపుకొని
ఎక్కడిది అక్కడనే.
రాత్రి అందరు పండుకున్నంక
మా ఆయన బల్బు కింద కూసొని
టికెట్ ఎనుక పెన్సిలుతోని ఏందో గీసిండు,
తుడిచిండు, గీసిండు.
"ఏమే, మేలుకున్నవా?
తోక కాడ ఒక్క ఈగను ఏస్తె
సేటు ఏమన్న అంటడా?"
నల్లనూలు ఒక్క పోగే గదా, ఎవలు చూస్తరు,
ఎయ్యి అన్న.