జానెడు పంపు

పట్నంబజారులో బాజీ కొట్టు.
బల్ల మీద మూడు పంపులు పరిచాడు.
ఒకటి మూరెడు, సంచిలో పట్టదు.
ఒకటి మెరుపే గానీ ఒళ్ళంతా ప్లాస్టిక్.
మూడోది జానెడు.
"మూతికి బొటనవేలు అడ్డంపెట్టి కొట్టండి.
వేలిని తోసిందా, పంపు.
తొయ్యలేదా, పిచికారీ."

తోసింది.

మిర్చి యార్డు దాటాక, రాత్రి పదింటికి,
పల్లేరుకాయ దిగింది.
రెండొందలు కొడితే లేచిన టైరు
చుట్టుగుంటలో మళ్ళీ కూలబడింది.
అతుకేసే సొల్యూషన్ కొనలేదని
అప్పుడు గుర్తొచ్చింది.

కొట్టాను, తొక్కాను, దిగి కొట్టాను.
ఇల్లు ఎన్ని మైళ్ళో ఎప్పుడూ లెక్కెయ్యలేదు.
ఎన్ని గాలులో తెలిసింది: ఐదు.

గుమ్మంలో వాల్వు విప్పితే
బుస్సుమన్న గాలికి
మా ఆవిడ తుమ్మింది.
యార్డు ఘాటు.