రోడ్డు కోత పర్మిషన్

సంగడిగుంట సందులో
గడ్డపలుగు దించేముందు
నాగుల్‌మీరా జేబులోంచి కాగితం తీశాడు.
కార్పొరేషన్‌కి అయిదుసార్లు తిరిగితే పడిన సంతకం
అప్పుడే చెమటకి అలుక్కుపోతోంది.

"అడుగు లోతు చాల్లేవయ్యా, ఎవడు చూడొచ్చాడు?"
ఇంటాయన తొందర.

మీరా పలకడు.
మురుగు గొట్టానికి మూరెడు పైన,
సందు ఇచ్చినంత ఎడంగా
మంచినీళ్ల పైపుకి చోటు కొలుస్తాడు.
అది ఎన్నో నంబరు రూలో అడిగితే చెప్పలేడు.

ఒకప్పుడు, వేరే పేటలో,
రెండు గొట్టాల్నీ ఒకే గోతిలో పడుకోబెట్టిన చేతులివి.
ఆ వానల్లో బిందెలు కంపుకొట్టాయి.
ఆసుపత్రి వరండాలో చాపలు చాల్లేదు.

పొద్దుగూకి మట్టి కప్పాక
ఇంటాయన కుళాయి తిప్పి
"ఇంతేగా!" అన్నాడు.

మీరా దోసిలి పట్టాడు.
ముందు వాసన చూశాడు.
తర్వాత తాగాడు.