గోలీ

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
నేను కట్టను. చూస్తాను. అంతే నా పని.
టార్చి, నిచ్చెన, తేమ కొలిచే మిషను,
జేబులో ఒక నాణెం,
పగుల్లో దూరుతుందో లేదో చూడ్డానికి.

రెజైనాలో నేలంతా బంకమన్ను.
తడికి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది,
చలికాలం పళ్ళు బిగించుకుని కూర్చుంటుంది.
ఇక్కడ ఇళ్ళు నిలబడవు.
తేలుతాయి, చాలా నెమ్మదిగా.

ఏప్రిల్. కప్పు మీది మంచు కరిగి కారుతున్న రోజు.
మెర్విన్ హ్లాడీ ఇల్లు.
కొనేవాళ్ళు రోడెల్, మారిసెల్. ఆమెకి ఏడో నెల,
ఉయ్యాల ఏ కిటికీ పక్కనో అప్పుడే తేల్చేసింది.
మెర్విన్ నాకు కాఫీ ఇచ్చాడు,
అడక్కుండానే రెండు చెంచాల చక్కెర వేసి.

ముందు బయట చూశాను. వాన గొట్టం మూతి
పునాది చెవిలోకే పెట్టి ఉంది.
రాసుకున్నాను.
వంటింటి తలుపు పై అంచుని చిత్రిక పట్టారు,
ఒకసారి కాదు, మూడుసార్లు.
తలుపూ చదరం కాదు ఇప్పుడు, గుమ్మమూ కాదు.
ఒకదాని వంకరకి ఇంకోటి సర్దుకుని
చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి.
చాలా కాపురాలు ఇంతే అని రాయడానికి
నా ఫారంలో గడి లేదు.

తర్వాత నేలమాళిగ.
సన్నటి నిలువు పగులైతే భయం లేదు,
కాంక్రీటు ఆరేటప్పుడు విరుచుకున్న ఒళ్ళు.
మెట్లు మెట్లుగా దిగేదైతే కాస్త ఆగి చూడాలి.
గోడ నడుం మీదుగా అడ్డంగా పోయిందా,
అవతల మట్టి భుజం పెట్టి తోస్తోందన్న మాట.

ఉత్తరం గోడకి కొత్త రంగు. ఆ ఒక్క గోడకే.
గోడలకి చెవులుంటాయంటారు.
నేను చూసినవి నోళ్ళు,
ఎవరో చెయ్యి అడ్డం పెట్టిన నోళ్ళు.
గోడకి ఆనించి పెద్ద అలమర.
సామాన్లు జరపడం నా ఒప్పందంలో లేదు.

మెట్ల మీంచి కలీనా దిగింది, ఎనిమిదేళ్ళది,
ఒక కాలికే మేజోడు.
"మా ఇంటి మేజిక్ చూపించనా?"
"పైకెళ్ళు, తల్లీ," అన్నాడు మెర్విన్.
అప్పటికే గోలీ వదిలేసింది.

ఆకుపచ్చ గోలీ. ఎవరూ తోయలేదు.
క్షణం ఆలోచించి కదిలింది,
రోడెల్ బూటు పక్కనుంచి,
రోజూ వెళ్ళే బడికి వెళ్తున్నట్టు
తిన్నగా అలమర కిందికి.
గోడకి తగిలి టక్కుమనాలి కదా.
అనలేదు.
కాసేపటికి, ఎక్కడో అడుగున,
బుడుంగు.

"ఒక్కటీ తిరిగి రాదు," అంది గర్వంగా.
"ఇంతకుముందువి పదకొండు."

ఎవరూ ఏమీ అనలేదు.
మెర్విన్ కప్పు కింద పెట్టి
అలమరని తనే జరిపాడు, సాయం అడక్కుండా.
నాణెం తియ్యలేదు నేను. అవసరం రాలేదు.
మారిసెల్ పొట్ట మీద చెయ్యేసుకుని అడిగింది:
"బాగు చెయ్యొచ్చా?"
చెయ్యొచ్చు, అన్నాను. అది నిజమే.
ఎంతకి అన్నది ఇంకో నిజం.

రాత్రి రిపోర్టు రాశాను.
ఉత్తరం గోడ అడుగున ఎడం, బొటనవేలంత.
నేల వాలు అటే. లోపల నీరు. ఇంజనీరుకి చూపించాలి.
కొన్నారో లేదో తెలీదు, నాకెవరూ చెప్పరు.
గోలీల సంగతి రాయలేదు.
పన్నెండు.